పెత్తనమూ, పెద్దరికమూ

సరిహద్దు జిల్లాల తెలుగు సభల్లో మాట్లాడి వేదిక దిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటున్నది. హోసూరులోనైనా, రాయగడలోనైనా, బళ్ళారిలోనైనా, గోదావరికి ఆవలి గట్టున ఉన్న సిరొంచలోనైనా ఆ ప్రశ్న మారదు. "మాకు గట్టి నాయకుడు ఒక్కడు దొరికితే మా బడి నిలబడేది కదండీ?"

ఆ ప్రశ్న వెనుక ఉన్న బాధ నాకు తెలియనిది కాదు. ఇరవై ఏళ్ళుగా అల్పసంఖ్యాక భాషీయుల హక్కుల కోసం కోర్టుల చుట్టూ, కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నవాణ్ణి. అయితే ఆ ప్రశ్నలోని 'గట్టి' అనే విశేషణం దగ్గరే నాకు పేచీ ఉన్నది. మనవారి దృష్టిలో గట్టి నాయకుడంటే అన్నీ తానే చేసిపెట్టేవాడు. కలెక్టరుతో తానే మాట్లాడాలి, విద్యాధికారిని తానే దబాయించాలి, దరఖాస్తు తానే రాయాలి, ఫలితాన్ని పళ్ళెంలో పెట్టి మనకు అందించాలి. మనం చప్పట్లు కొట్టి, శాలువా కప్పి ఇంటికి పోవాలి. ఇటువంటివారు మనకు ఎన్నడూ కరువు కాలేదు. ప్రతి పట్టణంలోనూ ఇద్దరు ముగ్గురున్నారు; ఒకరితో ఒకరికి పడకపోతే రెండో సంఘం కూడా ఉన్నది. అయినా బడులు మూతబడుతూనే ఉన్నాయి. కనుక లోపం మరెక్కడో ఉండాలి. ఆ లోపాన్ని గురించి చెప్పడానికి నేను మహారాష్ట్రలోని ఠాణే జిల్లా భివండీ పట్టణాన్ని ఎంచుకున్నాను. అది సరిహద్దు పట్టణం కాదు. కాని సరిహద్దులోని మనవారు నేర్చుకోవలసినది అక్కడ చాలా ఉన్నది.

భివండీ పేరు వినని నేతకుటుంబం కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల్లో ఉండదు. లక్షల సంఖ్యలో మరమగ్గాలు ఆడే ఊరు. మనవారి మాటలో చెప్పాలంటే సాంచాల ఊరు. రాత్రి ఏ జామున రైలు దిగినా, ఆటోరిక్షా ఎక్కినా, ఆ టకటక శబ్దం చెవులను విడిచిపెట్టదు. ఉత్తరప్రదేశ్ నుండి తరాల క్రితం వచ్చిన మోమిన్ అన్సారీ నేతగాళ్ళు, మన తెలంగాణ నుండి వచ్చిన పద్మశాలీలు, చుట్టుపక్కల మరాఠీ పల్లెలవారు, ఇటీవలి కాలంలో బీహారు, ఒడిశాల నుండి వచ్చినవారు, అందరూ ఒకే పడుగులోని పోగుల్లా కలిసి బతుకుతున్నారు. తెలుగు నేతగాడు ముసల్మాను సేటు కారఖానాలో సాంచా నడుపుతాడు. తెలుగు ఆసామి దగ్గర బీహారీ పిల్లవాడు కండెలు అందిస్తాడు. పద్మానగర్‌లో బతుకమ్మ ఆడతారు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, కారఖానాలో హిందీ, బేరంలో మూడూ కలగలిసిన మరొక భాష.

ఇంత కలిసి బతికిన ఊరే రెండుసార్లు కాలి బూడిదయింది. 1970 మే 7న శివాజీ జయంతి ఊరేగింపుతో మొదలైన అల్లర్లు మొదటిది. దానిపై విచారించిన జస్టిస్ డి.పి. మాదన్ కమిషన్ పోలీసుల పక్షపాత వైఖరిని నిశితంగా విమర్శించింది. మళ్ళీ 1984 మే నెలలో రేగిన మంటలు ఠాణే, బొంబాయిలకు కూడా పాకి రెండువందల మందికి పైగా ప్రాణాలు తీశాయి. సాంచాలు ఆగిపోయిన ఊళ్ళో మతం ఏదైనా నేతగాడికి మిగిలేది పస్తే.

ఆ రోజుల్లో కూడా భివండీలో శాంతి సంఘాలు లేకపోలేదు. ఉన్నాయి. ఊరి పెద్దలు, పార్టీల నాయకులు, పెద్ద సేట్లు అందులో సభ్యులు. పండుగకు ముందు పోలీసు అధికారి పిలిస్తే వచ్చి, టీ తాగి, 'మా వాళ్ళను మేము అదుపులో పెడతాం' అని మాట ఇచ్చి వెళ్ళేవారు. అదుపు! ఆ ఒక్క మాటలోనే ఆ సంఘాల తత్వమంతా ఉన్నది. జనం అంటే అదుపులో ఉంచవలసిన మంద. పెద్దమనిషి అంటే ముల్లుగర్ర పట్టుకున్నవాడు. అసలు గొడవ వచ్చిననాడు ఆ గర్ర ఎందుకూ పనికిరాలేదు. సందులో ఉన్న మనిషికి ఆ పెద్దమనిషి ముఖమే తెలియదు. పెద్దమనిషికి ఆ సందు తెలియదు.

1988లో సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి భివండీకి డిప్యూటీ కమిషనర్‌గా వచ్చారు. ఆయన చేతిలో లాఠీ ఉన్నది, తుపాకి ఉన్నది, నిషేధాజ్ఞలు విధించే యంత్రాంగం ఉన్నది. అంటే ఫలితాన్ని బలవంతాన సాధించడానికి కావలసిన సరంజామా అంతా ఉన్నది. ఆయన దానిని పక్కనపెట్టి, చూసేవారికి పిచ్చిపనిగా కనిపించే పని ఒకటి మొదలుపెట్టారు. పట్టణాన్ని మొహల్లాలుగా విడదీసి దాదాపు 70 మొహల్లా కమిటీలను ఏర్పాటు చేశారు. ప్రతి కమిటీలోనూ హిందువులూ ముస్లిములూ సరిసమానంగా ఉండాలన్నది ఒక నియమం. పేరుమోసిన నాయకులను కాక ఆ వీధిలో నివసించే మామూలు మనుషులను, సాంచా కార్మికులను, చిన్న దుకాణదారులను, ఆడవారిని తీసుకోవాలన్నది మరొకటి. గొడవ వచ్చినప్పుడు కాక, గొడవ లేని రోజుల్లో కలుసుకుంటూ ఉండాలన్నది అన్నిటికంటే ముఖ్యమైనది.

కలుసుకుని ఏమి మాట్లాడేవారు? మతసామరస్యం మీద ఉపన్యాసాలు కావు. కుళాయి దగ్గర తగాదా, మురుగు కాలువ, వీధి దీపం, అద్దె గొడవ, తాగివచ్చి భార్యను కొట్టే మొగుడు. ఇటువంటివే. ఆ సమావేశాలకు ఆ ప్రాంతపు కిందిస్థాయి పోలీసు ఉద్యోగులు బాధ్యులు. అప్పటిదాకా మనుషులను తరమడమే తెలిసిన కానిస్టేబులు ఇప్పుడు వారి మధ్య కుర్చీ వేసుకుని కూర్చోవలసి వచ్చింది. ఇందులో జనం ఒక్కరే ఎదగలేదు, కానిస్టేబులు కూడా ఎదిగాడు. నాకు ఈ వృత్తాంతంలో అన్నిటికంటే నచ్చేది ఇదే. ఒక పెద్ద అధికారి తన కిందివాడికి 'శాంతి తెచ్చి చూపించు, లేకపోతే బదిలీ చేస్తాను' అని చెప్పలేదు. ఆ కిందివాడు మనుషులతో మాట్లాడడం నేర్చుకునే ఏర్పాటు చేశాడు.

ఫలితం 1992 డిసెంబరులో తెలిసింది. అయోధ్య కట్టడం కూలిన తరువాత ముంబయి మండింది. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ 900 మంది చనిపోయారని శ్రీకృష్ణ కమిషన్ లెక్క తేల్చింది. రెండుసార్లు కాలిన చరిత్ర ఉన్న భివండీ మాత్రం, ముంబయికి కూతవేటు దూరంలో ఉండి కూడా, నిలబడింది. పుకారు పుట్టిన వీధిలోనే దానిని విచారించి, అబద్ధమని చెప్పగలిగిన మనుషులు అప్పటికే తయారై ఉన్నారు. వారికి పై నుండి ఆదేశం రావలసిన పని లేకపోయింది. ముంబయి ఎందుకు కాలింది, భివండీ ఎందుకు కాలలేదు అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టుకుని ఖోపడే తరువాత ఒక పుస్తకం రాశారు. మతకలహాల మీద పరిశోధన చేసిన అశుతోష్ వార్ష్ణేయ 2002లో వెలువరించిన గ్రంథంలో భివండీని ప్రత్యేకంగా ఉదాహరించారు. ముంబయిలో జూలియో రిబేరో, సుశోభా బర్వే ప్రభృతులు 1994లో మొహల్లా కమిటీల ఉద్యమాన్ని ప్రారంభించినప్పుడు వారి కళ్ళముందున్నది ఈ సాంచాల ఊరే.

ఇదంతా స్తోత్రంగా రాయడం నా ఉద్దేశం కాదు. న్యాయవాదిని కనుక అవతలి పక్షం కూడా చెప్పాలి. 2006 జూలైలో అదే భివండీలో, ముస్లిములు శ్మశానవాటికగా భావించే స్థలం దగ్గర పోలీసు స్టేషను కట్టే విషయంలో వివాదం రేగి, పోలీసు కాల్పుల్లో ఇద్దరు మరణించారు. ఆ వెంటనే ఇద్దరు పోలీసులను గుంపు చంపివేసింది. మొహల్లా కమిటీలు ఏమైనట్లు? వచ్చిన అధికారులందరికీ ఆ ఓపిక ఉండదు. ఒక అధికారి నాటిన మొక్కకు తరువాతివాడు నీళ్ళు పోయాలన్న చట్టం లేదు. పైగా, అవి పోలీసు గొడుగు కింద పుట్టిన కమిటీలు. గొడుగు మడిచేస్తే తడవక తప్పదు. కనుక నేను చెప్పేది ఖోపడే వంటి అధికారి మన ప్రతి ఊరికీ రావాలని కాదు. అలా కోరుకుంటే మళ్ళీ గట్టి నాయకుడి దగ్గరకే వచ్చి ఆగుతాం. ఆయన చేసిన పని ఏమిటో గుర్తించి, దానిని అధికారి మీద ఆధారపడకుండా చేసుకోవడమెలా అన్నదే మన ముందున్న ప్రశ్న.

ఇక్కడ సాంచాల గురించి ఒక మాట. కొత్తగా ఊరి నుండి వచ్చిన పిల్లవాణ్ణి ఏ కారఖానాలోనూ మొదటిరోజే సాంచా ముందు నిలబెట్టరు. మొదట ఊడ్పిస్తారు, కండెలు మోయిస్తారు, తెగిన పోగును అతకడం చూపిస్తారు. ఆ తరువాత ఒకనాడు మేనమామో, ఊరివాడో తన సాంచాను కొంతసేపు వాడి చేతికి వదులుతాడు. గుడ్డ పాడవుతుంది. పాడైన గజానికి కూలి కోత పడుతుంది, అది నేర్పేవాడి జేబులోంచే పోతుంది. అయినా వదులుతాడు. వదలనివాడి దగ్గర పిల్లవాడు పదేళ్ళున్నా కండెలు మోసే కుర్రాడిగానే మిగిలిపోతాడు. మన భాషా సంఘాల్లో యాభై ఏళ్ళు దాటిన కండెల కుర్రాళ్ళు ఎందరున్నారో పాఠకులు తమ ఊరి సంఘాన్ని గుర్తు చేసుకుని లెక్కించుకోవచ్చును.

భివండీ పెరుగుదలకు ఒక పెద్ద కారణం ముంబయి మిల్లుల పతనం. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు మొదలుపెట్టిన సమ్మె గురించి చాలామంది విని ఉంటారు. ఆ సమ్మెకు కూలి ఒక్కటే కారణం కాదు. 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం ఒక పరిశ్రమలో గుర్తింపు పొందిన సంఘం ఒక్కటే కార్మికుల తరపున మాట్లాడాలి. కార్మికులకు ఆ సంఘం మీద నమ్మకం పోయినా సరే, చట్టం దృష్టిలో వారి గొంతు అదే. తమ గొంతు తమకు కావాలని కూడా వారు సమ్మె చేశారు. అది నెగ్గలేదు. మిల్లులు మూతబడుతుంటే పని భివండీకి తరలింది. ఇక్కడ సంఘమే లేదు. ఫ్యాక్టరీల చట్టానికి చిక్కకుండా ఒకే కప్పు కింది సాంచాలను భార్య పేర కొన్ని, తమ్ముడి పేర కొన్ని విడదీసి చూపించే పద్ధతి మాత్రం ఉన్నది. ఒకచోట గొంతును ఒకరికి గుత్తకిచ్చారు, మరొకచోట గొంతే లేకుండా చేశారు. నష్టపోయినవాడు మాత్రం నేతగాడే.

ఈ గుత్త సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణమున్నది. మన భాషా హక్కుల రంగంలోనూ అదే గుత్త, రాజ్యాంగపు మాటల చాటున, మెల్లగా పాదుకున్నది.

రాజ్యాంగం 30వ అధికరణ భాషాపరమైన అల్పసంఖ్యాకవర్గాలకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకునే, నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. ఎవరు అల్పసంఖ్యాకులన్నది రాష్ట్రాన్ని ప్రమాణంగా తీసుకుని నిర్ణయించాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక మహారాష్ట్రలోనూ, కర్ణాటకలోనూ, ఒడిశాలోనూ, తమిళనాడులోనూ తెలుగువారికి ఆ హక్కు నిస్సందేహంగా ఉన్నది. దాని కోసం మనం పోరాడాం. అవసరమైతే మళ్ళీ పోరాడతాం. కాని ఆ హక్కు ఆచరణలో ఎవరి చేతికి వచ్చింది? 2009 విద్యాహక్కు చట్టం ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలనీ, అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలుండాలనీ చెప్పింది. 2012 సవరణ అల్పసంఖ్యాకుల బడుల్లో ఆ కమిటీ సలహాలు ఇవ్వడానికి మాత్రమే పరిమితమన్నది. 2014లో ప్రమతి కేసు తీర్పు అల్పసంఖ్యాక విద్యాసంస్థలకు ఆ చట్టమే వర్తించదన్నది. ఆ తీర్పు సరైనదేనా అన్న సందేహాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ధర్మాసనం ఒకటి మహారాష్ట్రకు చెందిన కేసులోనే వ్యక్తం చేసి, విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది.

ప్రభుత్వ జోక్యం నుండి మన బడులను కాపాడుకోవడానికి ఆ రక్షణ కావలసిందే. నేను దానికి వ్యతిరేకిని కాను. కాని మన సంఘాల అధ్యక్షులు చాలామంది దానిని మరొక విధంగా అర్థం చేసుకున్నారు. సర్కారు నుండి బడికి దొరికిన రక్షణ, తల్లుల నుండి అధ్యక్షుడి కుర్చీకి దొరికిన రక్షణగా మారింది. ఇతర బడుల్లో అడిగే హక్కున్న తల్లికి, తన సొంత భాష బడిలో అడిగే హక్కు లేకుండా పోయింది. ఇంతకంటే విడ్డూరం ఉంటుందా?

కొన్నేళ్ళ క్రితం తెలుగు తరగతులు కొనసాగించాలని కోరుతూ ఒక పట్టణంలోని సంఘం తయారుచేసిన మహజరును పరిశీలించమని నా దగ్గరకు తెచ్చారు. ఊరి పేరూ, సంఘం పేరూ ఇక్కడ అవసరం లేదు. భాష బాగున్నది, అధికరణల సంఖ్యలు సరిగ్గా ఉన్నాయి, చివర పదకొండు మంది కార్యవర్గ సభ్యుల సంతకాలున్నాయి. పిల్లల పేర్లు లేవు. అడిగితే 'అవి తరువాత వేస్తాం' అన్నారు. ఆ సాయంత్రమే నేత కార్మికులుండే బస్తీలో నలుగురు తల్లుల ముందు ఆ కాగితం చదివి వినిపించాను. వారిలో ఒకామె, కండెలు చుడుతూనే, తల ఎత్తకుండా, "గీ కాయితంల మా పిల్లగాని పేరేది సారూ?" అన్నది. నా ఇన్నేళ్ళ వకాల్తాలో ఇంత సూటి అభ్యంతరం ఏ న్యాయమూర్తి నోటా వినలేదు.

ఎందుకంటే చట్టం అడిగేది సరిగ్గా అదే. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం అంగీకరించి, తరువాత దేశమంతటా భాషాల్పసంఖ్యాకుల రక్షణల్లో భాగమైన ప్రమాణం ఏమిటి? ఒక బడిలో 40 మంది పిల్లలు గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష మాట్లాడేవారుంటే, ప్రాథమిక స్థాయిలో ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుణ్ణి నియమించాలని. 1956 ఏడవ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన 350-ఎ అధికరణ మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పించే బాధ్యతను రాష్ట్రం మీదా, స్థానిక సంస్థల మీదా పెట్టింది. 350-బి ఆ రక్షణలను పరిశీలించే ప్రత్యేకాధికారిని ఏర్పాటు చేసింది. విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షను వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలన్నది. పుణేలోని బాలభారతి సంస్థ తెలుగులో కూడా పాఠ్యపుస్తకాలు ముద్రించింది. అంటే పుస్తకం ఉన్నది, అధికరణ ఉన్నది, ప్రమాణం ఉన్నది. ఆ పదిమంది పిల్లల పేర్లు కాగితం మీద పెట్టవలసినవారు ఎవరు? అధ్యక్షుడా? ఆయన మనుమలు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. ఆయనను నిందించడం లేదు, నా పిల్లల విషయంలో నా ఇంట్లోనూ ఆ చర్చ జరిగింది. ఆ జాబితా సత్యమైనది కావాలంటే అది తల్లుల చేతి నుండే రావాలి.

'తల్లులకు చదువు రాదు కదా, అధికార్లతో మాట్లాడలేరు కదా' అంటారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు ఏమి చేశారో సరిహద్దు జిల్లాలవారికి వేరే చెప్పనక్కరలేదు. వాడుక భాషోద్యమ పితామహుడిగా మనం ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న పండుగ చేసుకుంటాం. ఆయన చేసిన మరొక పని అంతగా గుర్తుచేసుకోం. తనది కాని సవర భాషను, లిపి లేని భాషను, సవరల దగ్గరే కూర్చుని నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవరలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తనకు వద్దు, ఆ డబ్బుతో సవరలకే బడి పెట్టమన్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. గమనించండి, ఆయన సవరలకు తెలుగు నేర్పి వారిని మన లెక్కలో కలుపుకోవాలని చూడలేదు. జనాభా లెక్కల్లో తెలుగువారి సంఖ్య పెంచుకోవాలన్న ఆరాటంలో ఉన్న మన కొందరు మిత్రులు దీని మీద కాస్త ఆలోచించడం మంచిది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఆ ఊరు విడిచిపెట్టి రాజమహేంద్రవరం వచ్చేశారు. తన ఊరు సరిహద్దు ఆవలికి పోయిన బాధ ఏమిటో మనకంటే ముందే అనుభవించిన మనిషి.

ఆయనది పెద్దరికం. పెత్తనం వేరు. పెత్తనం చేసేవాడికి ఫలితం తన పేర రావాలి, తన కాలంలో రావాలి, తాను గీసిన గీతలోనే రావాలి. అందుకే వాడు ఎవరినీ ఎదగనివ్వడు. ఎదిగినవాడు గీత దాటుతాడు గనుక. పెద్దరికం ఉన్నవాడికి ఆ భయం లేదు. తన తరువాత వచ్చినవాడు తనను మించితే కడుపు నిండినట్లు ఉంటుంది. ఈ తేడా మన భాషకు ఎప్పటినుండో తెలుసు కనుకనే రెండు వేర్వేరు మాటలు పెట్టుకున్నది.

నాకు తరచుగా ఎదురయ్యే వాదన ఇంకొకటున్నది. 'మీరు చెప్పేది వినడానికి బాగున్నది. కాని తల్లులను కూర్చోబెట్టి మాట్లాడిస్తే ఏళ్ళు పడుతుంది. ఈలోగా బడి పోతుంది. అత్యవసరంలో ఒకడు నిర్ణయించాలి, అందరూ నడవాలి.' ఈ వాదనలో నిజం లేకపోలేదు. కోర్టులో గడువు రేపటికి ఉంటే నేను కూడా రాత్రికి రాత్రి పిటిషను రాసి వేస్తాను, ఎవరినీ సంప్రదించను. కాని ఒక్కసారి అత్యవసరమంటే ఒప్పుకోవచ్చు. ముప్పై ఏళ్ళుగా ప్రతి సంవత్సరమూ అత్యవసరమేనా? భివండీలో 1988 నుండి 1992 వరకు నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళలో చూపించుకోవడానికి పెద్ద ఫలితమేదీ లేదు. కుళాయి తగాదాలు తీరాయని ఎవరు పత్రికలో వేస్తారు? పరీక్ష వచ్చినప్పుడే అది ఫలించింది.

మరొక అపాయం కూడా ఉన్నది. నిర్ణయం ఒకరి చేతిలో ఉంటే ఆ ఒకరు పొరపాటు దారిని ఎంచుకుంటే అందరూ అటే పోతారు. కొన్నిచోట్ల మన నాయకులు రాష్ట్రభాషను నేర్వబోమని పట్టుబట్టడమే భాషాభిమానమని ప్రచారం చేశారు. మహారాష్ట్రలో అల్పసంఖ్యాకుల బడుల్లో కూడా మరాఠీ బోధనను తప్పనిసరి చేయడాన్ని 2004లో ఉషా మెహతా కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. నా అభిప్రాయంలో అది మనకు చెడు చేసే తీర్పు కాదు. భివండీలోని ఏ తల్లినైనా అడగండి, నా కొడుకుకు మరాఠీ రావాలి, లేకపోతే ఇక్కడ ఎట్లా బతుకుతాడంటుంది; తెలుగూ రావాలి, లేకపోతే ఊళ్ళో నాయనమ్మతో ఏమి మాట్లాడతాడంటుంది. రెండూ కావాలన్న ఆ సంగతి ఆమెకు ఏ తీర్పూ చదవకుండానే తెలుసు. ఆమెను ముందే అడిగి ఉంటే మన నాయకులు ఆ పేచీ పెట్టుకునేవారే కారు.

కనుక నేను భివండీలోని మిత్రులకు చెప్పినదే సరిహద్దు జిల్లాల కుటుంబాలకు కూడా చెబుతున్నాను. మీ సంఘం పెద్దలను తొలగించమని కాదు. వారిలో చాలామంది కష్టపడినవారు. వారిని మూడు పనులు అడగండి. సంఘం కార్యవర్గంలో బడి పిల్లల తల్లులకు చోటివ్వమనండి, సలహాకు కాదు, ఓటుకు. బడి యాజమాన్య కమిటీ చట్టం ప్రకారం సలహాలకే పరిమితమైతే, సంఘం తన నియమావళిలోనే దానికి నిజమైన అధికారం రాసుకోవచ్చును. 2014 తీర్పు దానిని అడ్డుకోదు. విద్యాధికారి దగ్గరకు పోయేటప్పుడు అధ్యక్షుడు తన వెంట, ఇంతవరకు ఏ కార్యాలయపు మెట్టూ ఎక్కని ఒక యువకుణ్ణో, యువతినో తీసుకుపొమ్మనండి. మాట్లాడడం వారికి వదలమనండి. మొదటిసారి తడబడతారు. పాడైన గజం గుడ్డ అది, దానికి కోత సంఘమే భరించాలి.

ఇక దరఖాస్తు. జూన్‌లో బడులు తెరిచే ముందే వీధివీధినా తెలుగు పిల్లల జాబితా రాయండి. పిల్లవాడి పేరు, తరగతి, బడి, ఇంట్లో మాట్లాడే భాష, తల్లి సంతకం. సంతకం రాకపోతే వేలిముద్ర. ఒక తరగతిలో పదిమంది గాని, ఒక బడిలో నలభై మంది గాని తేలితే, 350-ఎ అధికరణను పేర్కొంటూ మునిసిపల్ లేదా జిల్లా విద్యాధికారికి ఒక ప్రతి, భాషాల్పసంఖ్యాకుల కమిషనరుకు ఒక ప్రతి పంపండి. అధికార ముద్ర వేసిన రసీదు తప్పక తీసుకోండి. ఆ రసీదు సంఘం కార్యాలయంలోని బీరువాకు చేరనక్కరలేదు. జాబితాలో మొదటి పేరు ఏ పిల్లవాడిదైతే, వాడి తల్లి దగ్గర ఉంచండి.